తాళం వేసిన గదిలో ‘మన మాట’

నేను ఒక యూనివర్సిటీ వాళ్ళు తమ ఉద్యోగుల కోసం అచ్చు వేసుకున్న పత్రికని. పేరు ‘మన మాట’. పైవాళ్ళ మాట కిందికి దిగాలి, కిందివాళ్ళ మాట పైకెక్కాలి అని నన్ను పుట్టించారు. నా కాగితం ఎంత నున్నగా ఉండేదంటే, ప్రెస్సు గుమ్మంలో నన్ను పరిస్తే ఆ మెరుపుకి వీధికుక్క ఎండెక్కిందనుకుని లేచి నీడకు పోయింది. వైస్ ఛాన్సలర్ గారి ఫొటో లేని పేజీ దాదాపు లేదు. నన్ను మూస్తే చాలు, ఆయన ఆయనకే ఎదురుపడి నమస్కారం పెట్టుకునేవారు.

ఆఖరి పేజీ మాత్రం ‘ఉద్యోగి గొంతు’. ఆ గొంతు సువార్తమ్మది. పరీక్షల విభాగంలో అటెండరు. ఆ బిల్డింగులో ఆడవాళ్ళకి కొత్తగా బాత్రూమ్ కట్టారు. రిబ్బన్ కత్తిరించారు, ఫొటో తీశారు, తాళం వేశారు. తనిఖీ కమిటీ వచ్చేదాకా అది కొత్తగా ఉండాలట. వాడితే పాతబడుతుందట. సువార్తమ్మకి షుగరు. అవసరమొస్తే ఎండలో లేడీస్ హాస్టల్ దాకా నడవాలి. అంచేత డ్యూటీలో నీళ్ళు తాగడమే మానేసింది. కిడ్నీలు పోతాయి, నీళ్ళు తాగమని డాక్టరు కేకలేశాడు.

పత్రిక పని చూసే శేషగిరి గారు ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకొచ్చి, ఆమెను ఆ తలుపు ముందే నిలబెట్టారు.

“ఏం కావాలో చెప్పు సువార్తమ్మా. పైదాకా పోద్ది.”

“ఏం లేదు సార్. ఆ తాళం తీయించండి, చాలు. ఒంట్లో బాగుండట్లా.”

“అట్టా ఏడుపు మొహం పెడితే ఫొటో ఏం బాగుంటది? కాస్త నవ్వు.”

నవ్వమన్నారంటే పనైపోతుందనుకుని ఆమె నవ్వింది.

శేషగిరి గారు చెడ్డవారు కాదు. ఫిర్యాదు అచ్చయితే ఆమె ఉద్యోగానికే ముప్పని భయపడి, మాట కొంచెం దిద్దారు. ఫొటో కింద ‘ఈ బాత్రూమ్ మాకు వరం’ అని వేశారు.

నా తోడబుట్టిన కాపీల్లో చాలా మటుకు టిఫిన్ గిన్నెల కిందికి పోయాయి. నేను సువార్తమ్మ చేతిలో పడ్డాను. ఫొటో చూసి పొంగిపోయి, కింద ఏముందో చదవకుండానే నన్ను సూపరింటెండెంట్ వీరభద్రయ్య గారి దగ్గరికి తీసుకెళ్ళింది.

“తాళం సంగతి పేపర్లో వచ్చిందండి. ఇక తీయిస్తారా?”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. “వరమని నువ్వే అన్నావు గదమ్మా. వరమిచ్చినా గొడవేనా?”

“నేనట్టా అన్లేదండి.”

“అచ్చులో ఉంది. అచ్చు నమ్మనా, నిన్ను నమ్మనా?”

ఎవరో తెలిసినావిడ ఫొటో చూసినట్టు ఆమె తన నవ్వుకేసే చూస్తూ నిలబడింది. ఈ పేజీ కమిటీకి చూపిస్తే బాగుంటుందని వీరభద్రయ్య గారు నన్ను ఆమె చేతిలోంచే తీసుకున్నారు. ఫ్రేము కట్టించి, ఆ బాత్రూమ్‌లోనే అద్దానికి ఎదురుగా తగిలించి, మళ్ళీ తాళం వేశారు.

కమిటీ వాయిదా పడింది. తర్వాత మళ్ళీ పడింది.

గది ఎంత శుభ్రంగా ఉందంటే, బల్లులు కూడా గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకుని వస్తాయి. రోజూ సువార్తమ్మ చెప్పుల చప్పుడు వినేవాణ్ణి. తలుపు దగ్గర ఆగి, తాళం ఒకసారి కదిపి, హాస్టల్ వైపు వెళ్ళేది. కొన్నాళ్ళకు కదపడం మానేసింది. తర్వాత ఆగడం కూడా మానేసింది. ఈమధ్య ఆ చప్పుడే లేదు.

“సువార్తమ్మక్కకి డయాలసిస్ అంట” అంది బయట ఒకావిడ.

“ఎవరూ, బాత్రూమ్ వరమని పేపర్లో పడిందే, ఆవిడా?” అంది ఇంకొకావిడ. ఇద్దరూ గబగబా హాస్టల్ వైపు నడిచారు.

లోపల నా మీద ఆమె నవ్వుతోంది. ఎదురుగా అద్దంలోనూ నవ్వుతోంది. ఈ గదిలోకి రానిచ్చింది ఆ నవ్వొక్కదాన్నే.