తాతబ్బాయి పేరు మోసిన బస్తా

నేను ఒక ఇసుక బస్తాను. ఓస్, ఇంతేనా అని మొహం తిప్పుకోకండి. ఉరికంబం ఎక్కి, దిగి వచ్చి కథ చెప్పేవాళ్ళు మీకు ఎక్కడ దొరుకుతారు? నేను ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. చేసిన నేరం మాత్రం ఏమీ లేదు.

పుట్టింది గోనె సంచుల మిల్లులో. కడుపునిండా బియ్యంతో గోదావరి ఒడ్డున ఉన్న ఒక జైలు వంటశాలకు వచ్చాను. బియ్యం అయిపోయాక ఏ మూలో పడి ఉందామనుకున్నాను. నా ఖర్మ కాలి, గట్టిగా ఉన్నానని నన్నే ఏరారు. ఏటి ఇసుక నింపి, మూతి కుట్టి, ఉరికంబం ఉన్న పెరట్లోకి మోసుకెళ్ళారు. మనిషిని ఉరి తీసే ముందు తాడు ఆగుతుందో లేదో చూడాలట. అందుకని అతని బరువుకు మరో సగం కలిపి ఇసుక తూచి, ముందు దాన్ని వేలాడదీస్తారు. ఎంత జాగ్రత్తపరులో చూడండి ఈ మనుషులు!

ఆ జైల్లో ఒక పాడు అలవాటు ఉండేది. రేపు పోయేవాడి పేరే ఇవాళ బస్తాకు పెట్టేవాళ్ళు. ఎత్తండి, దించండి అనడానికి ఏదో ఒక పేరు ఉండాలిగా అనేవాడు హెడ్ వార్డర్ సత్తిరాజు. అలా చాలామంది పేర్లు మోశాను. చాలావాటిని మరిచిపోయాను కూడా. తాతబ్బాయి పేరు మాత్రం నన్ను వదల్లేదు.

తాతబ్బాయి పడవ నడిపేవాడు. రేవులో కిళ్ళీకొట్టు పెట్టుకున్న అచ్చియ్యమ్మ అనే ముసలామెను గొంతు నులిమి చంపి, చెవుల కమ్మలు లాక్కుపోయాడు. ఆమె వాడికి ఎన్నోసార్లు అన్నం పెట్టిన మనిషి. క్షమించమని ఢిల్లీకి పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చేసింది. లాయరు వేసిన ఆఖరి పిటిషన్ ఒక్కటే మిగిలింది. సాయంత్రంలోగా స్టే వస్తే బతుకుతాడు, రాకపోతే తెల్లారి ఉరి.

ఆ మధ్యాహ్నం వాడి బరువుకు తగ్గట్టు నాలోకి ఇసుక పోయిస్తూ సత్తిరాజు, జైలు డాక్టరు కామేశంగారు మాటామాటా అనుకున్నారు.

"ఆ స్టే వస్తే బాగుండును సత్తిరాజూ" అన్నారు డాక్టరు.

"ఎందుకండీ రావడం? తిన్నింటి వాసాలు లెక్కెట్టినోడండి ఆడు. ఆ ముసలావిడ చెవులు తెగిపోయాయండి. ఇలాంటోణ్ణి వదిలేస్తే రేపు ఇంకోడు బయల్దేరతాడండి."

"వాడు చేసింది ఘోరమే, కాదనను. కానీ వాడు దురాశకి లొంగి చేశాడు. మనం ఇసుక తూచి, తాడు సరిచూసి, తీరిగ్గా చేస్తున్నాం. మనకీ వాడికీ తేడా ఏముందయ్యా?"

"అదే మీ అమ్మగారైతే ఇలాగే అందురాండీ?"

డాక్టరు నా మూతి దగ్గర చిందిన ఇసుకను వేలితో లోపలికి తోశారు. "అననేమో. అప్పుడు నేనే తాడు పట్టుకుని లాగుతానేమో. అందుకే భయం నాకు" అన్నారు.

నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఇసుకను కదా, ఎటు వంపితే అటు వాలతాను.

నన్ను ఉరికంబం కింది పలకల మీదికి ఎత్తి తాడు బిగించారు. సత్తిరాజు మీట మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే సరదాగా కేకేశాడు.

"ఏరా తాతబ్బాయ్, సిద్ధమేనా?"

గోడ అవతల ఉరిఖైదీ ఉండే గదిలోంచి తాతబ్బాయి గొంతు వినిపించింది.

"ఆయ్! ఇక్కడే ఉన్నానండి! ఇయ్యాలే అనుకోలేదండి. చొక్కా తొడుక్కుని వచ్చేత్తానండి!"

అందరూ కొయ్యబారిపోయారు. నిన్ను కాదురా అని చెప్పాలి. మరి ఎవర్ని పిలిచినట్టు? సత్తిరాజు మీట లాగేశాడు. పలకలు ధడాలున తెరుచుకున్నాయి, నేను పడ్డాను. ఆ చప్పుడు గోడ అవతలికీ వినపడే ఉంటుంది.

స్టే రాలేదు. తెల్లవారి వాణ్ణి తెచ్చినప్పుడు నేను ఆ పెరట్లోనే గోడవారగా ఉన్నాను. పేరు పిలిచి, మనిషి అతనేనని సరిచూసుకోవాలి. సత్తిరాజు నోరు తెరిచాడు, మాట రాలేదు.

"నిన్ననే పలికాను కదండీ" అన్నాడు తాతబ్బాయి. "ఇంక పిలవక్కర్లేదులెండి."

నేను పడ్డ చోటే వాడూ పడ్డాడు. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది. జైలు గేటు దగ్గర అచ్చియ్యమ్మ కూతురు వచ్చి కూర్చుందట. అయిపోయిందాండీ అని అడిగిందట. అయిపోయిందని చెప్పినా లేచి వెళ్ళకుండా మధ్యాహ్నం దాకా అక్కడే ఉందని వార్డర్లు చెప్పుకున్నారు.

తరవాత ఆ పెరటికి తాళం పడింది. ఒక ఏడు గోదావరి పొంగితే, ఊళ్ళో ఉన్న బస్తాలన్నీ గట్టు మీదికి చేర్చారు. నన్నూ తెచ్చి వేశారు. ఇన్నాళ్ళకు పనికొచ్చే పని చేస్తున్నాను కదా అని సంబరపడ్డాను.

వరద చూడ్డానికి వచ్చినవాళ్ళలో పెన్షన్ పుచ్చుకున్న సత్తిరాజు కూడా ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నా మీద జైలు ముద్ర చూసి ఆగిపోయాడు. నీళ్ళు తగ్గి జనం వెళ్ళిపోయాక కూడా రోజూ వస్తున్నాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, వంగి, మెల్లగా పిలుస్తాడు.

"తాతబ్బాయ్..."

పిలిచి, నా మీద చెవి ఆనించి, జవాబు కోసం చూస్తాడు.