మెడలో ఇంటి నంబరు

"కారు తలుపు తీసే ముందు కుక్క గొలుసు చేతికి చుట్టుకోండి. జారిపోతే ఊరు కాని ఊళ్ళో ఎక్కడని వెతుకుతాం?" బయలుదేరిన దగ్గర్నుంచి ఆమె ఆ మాట అంటూనే ఉంది.

"నీ నోట మంచి మాటే రాదా?" అని భర్త నవ్వాడు.

పెట్రోలు బంకులో ఆయనే గొలుసు పట్టుకోకుండా తలుపు తీశాడు. లారీ హారను మోగింది. నల్లోడు బెదిరి, కుక్క కాదు కుందేలన్నట్టు పరుగెత్తి మాయమయ్యాడు.

గంటసేపు సందు సందూ గాలించారు.

"కంగారెందుకే? మెడలో బిళ్ళ మీద మన నంబరుంది. ఎవరో ఒకరు ఫోను చేస్తారు."

"ఎవరి నంబరు?"

"ఇంటిది. సెల్లు నంబర్లు మారిపోతాయని ఇంటి ఫోనుదే చెక్కించాను."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఇంటికి తాళం పెట్టి అందరం ఇక్కడుంటే ఫోనెవరెత్తుతారండీ? బీరువా ఎత్తుతుందా? నేను జాగ్రత్త చెబితే నవ్వులాట, మీరు చేస్తే తెలివితేటలూనా?"

ఆమె వెంటనే, తాళంచెవి ఇచ్చి వచ్చిన పక్కింటావిడకు సెల్లు కలిపింది.

"వదినా, మా ఇల్లు తీసి ఫోను దగ్గర కూర్చో. లైను మాత్రం పెట్టేయకు."

సెల్లులో తలుపు కిర్రుమనడం వినిపించింది. ఇంటి ఫోను మోగింది. వదిన ఎవరితోనో ఏదో అంది. ఆ తరువాత ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఆమె లారీల రోడ్డు వైపు చూడకుండా మొహం తిప్పుకుంది.

"వదినా! నల్లోడు బతికున్నాడా లేదా? అదొక్కటి చెప్పు!"

"బతికే ఉన్నాడమ్మా," అంది వదిన చివరికి. "బంకు వెనక పంక్చర్ల కొట్టువాడు పట్టి కట్టేశాడట. ఫోను చేయడం ఇది తొమ్మిదోసారని ఇంతసేపూ మిమ్మల్ని తిట్టిపోశాడు."