తన్నని తన్ను

నా కాలిలో మహిమ ఉందా, తన్నించుకునేవాళ్ల నమ్మకంలో ఉందా? పెళ్లి కాకముందు నుంచీ నాకీ అనుమానం ఉంది. నేను ఎదురుకాళ్లతో పుట్టాను; అలాంటివాళ్లు తన్నితే నడుము పట్టు వదులుతుందంటారు. అందుకే నడుము పట్టినవాళ్లు మా ఇంటికొచ్చి వీపు తిప్పి నిలబడతారు. మల్లన్న దేవుణ్ణి తలుచుకుని ఎడమ కాలితో మెల్లగా తన్నుతాను. పెద్దవాళ్లయితే వెంటనే వాళ్ల కాళ్లకు మొక్కుతాను. తగ్గినవాళ్లు కొబ్బరికాయ తెస్తారు. తగ్గనివాళ్లు మళ్లీ రారు. అందుకే నా అనుమానం అలాగే మిగిలింది.

మొన్న ఎండాకాలంలో మా కల్వకుర్తి గల్లీ దర్జీ మెహమూద్ వచ్చాడు. వెంట భార్య వజీరా. అతను కుడి చెయ్యి తల మీద పెట్టుకుని నడుస్తున్నాడు.

"గుర్వక్కా, ఒక్క తన్ను తన్ను. మెడ కాడ మొదలై బొటనవేలు దాకా గుంజుతాంది. చెయ్యి నెత్తి మీద పెడితేనే జర ఆగుతది. కత్తెర పట్టుకుంటే జారి పడుతాంది."

"బడులు తెరిచేలోపు యూనిఫారాలు ఇయ్యాలె అక్కా," అంది వజీరా. "గీ చెయ్యి పోతే మా బతుకేంది?"

నాకు మనసొప్పలేదు. నడుమంటే సరే. మెడలో పుట్టి వేళ్లదాకా పాకే నొప్పికి తన్ను ఎక్కడని తగలాలి?

"ముందు దవాఖానకు పోదాం పా తమ్మీ. తన్ను యాడికి పోదు."

"గీమె తన్నుకు కూడా తిప్పించుకుంటాంది చూడు," అన్నాడు మెహమూద్ భార్యతో.

"నువ్వు నా రైకకు తిప్పించుకున్నట్టు," అన్నాను. " తెలంగాణ వచ్చిన ఏడు బతుకమ్మకని బట్టిచ్చిన. గింతవరకు రాలే."

నొప్పిలోనూ నవ్వాడు. "చెయ్యి బాగైతే ముందు గదే కుడుత. అల్లా మీద ఒట్టు."

దవాఖానలో డాక్టరమ్మ అతని మెడను అటూ ఇటూ తిప్పించి, మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టి, తన వేళ్లను గట్టిగా పిండమంది. భుజం కీలు చెడినా, మణికట్టు దగ్గర నరం నలిగినా చెయ్యి గుంజుతుందట. ఒక్కోసారి గుండె నొప్పి కూడా చేతికి పాకుతుందట. అందుకని ముందు గుండె పరీక్ష చేయించింది. గుండె బాగుంది. తర్వాత మెడ ఫొటోలు చూసి చెప్పింది.

"మెడ ఎముకల మధ్య మెత్తటి బిళ్లలుంటాయి. నీకు ఒకటి జరిగి నరాన్ని నొక్కుతోంది. నరం చేతిలోకి పోతుంది కాబట్టి నొప్పి కూడా దానెంట పోతుంది. రోజంతా మెడ వంచే కుడతావా?"

"మిషన్ దిక్కే చూస్తా మేడం. గిరాకొచ్చినోళ్ల దిక్కు చూస్తే రైకలు అడుగుతరు."

ఆమె మందులు రాసి, మెడకు కసరత్తు నేర్పించే మనిషి దగ్గరికి పంపింది. చెయ్యి సత్తువ ఇంకా తగ్గినా, నడక తడబడినా ఆలస్యం చేయకుండా రమ్మంది. "మెడ ఎవరితోనూ విరిపించుకోకు. తొక్కించుకోకు, తన్నించుకోకు," అంది చివరికి.

మెహమూద్ నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

మరునాడు మా ఆయన ఐలేశం పోయి, మెడ వంచే పని లేకుండా మెహమూద్ కుట్టు మిషన్ కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. మెహమూద్ పక్కన కూర్చుని చెబుతుంటే వజీరా కత్తిరించి కుట్టింది. బడులు తెరిచేనాటికి యూనిఫారాలు చాలా వరకు అందాయి. వానలు ముదిరేసరికి గుంజుడు మోచేతి దగ్గర ఆగింది, తర్వాత అదీ పోయింది.

కాలితో ఏమీ చేయకుండానే ఒకరికి బాగైంది. ఇది ఏ లెక్కలో వెయ్యాలని మల్లన్నను అడిగాను.

బతుకమ్మ ముందు మెహమూద్ కాగితం పొట్లంతో వచ్చాడు.

"చెయ్యి కుదిరినంక కత్తెర పట్టిన మొదటి బట్ట గిదే అక్కా."

విప్పి చూస్తే రైక. రంగు కొంచెం వెలిసింది కానీ నా బట్టే. "కొలతలు అప్పటివే కదా తమ్మీ. నేను అప్పటి మనిషినా?"

"అందుకే పక్కల లోపల బట్ట మడిచి పెట్టిన."

లోపలికి పోయి తొడుక్కున్నాను. రెండు కుట్లు విప్పితే సరిపోయింది.