మొగలో మోకాలి లోతు నీళ్ళు

శాసనసభ్యుల వసతి భవనం వెనక ఉన్న నీళ్ళ మోటారు ఆ ఉదయం కూడా మొరాయించింది. మెకానిక్ చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, తడి సిమెంటు గచ్చు మీద మోకాళ్ళూని, మోటారుకి చెవి ఆనించి వింటున్నాడు. ఏ యంత్రం జబ్బయినా ఆయనకి ముందు చెవికే దొరుకుతుంది, తర్వాతే కంటికి. కాసేపు విని, గాలి పట్టిందని చెప్పి, పైన మూత విప్పి చెంబుడు నీళ్ళు పోయమని కాపలాదారుకి సైగ చేశాడు. రెండు గుటకలు మింగి మోటారు మళ్ళీ దారిలో పడింది. పై అంతస్తుల్లో స్నానాల గదులన్నీ ఒక్కసారిగా చప్పుడు చేశాయి.

రెండో అంతస్తు వరండాలోంచి ఆయన భార్య తొంగి చూసింది.

"ఏవండీ, ఈ ఒక్కరోజుకి మోటారుని వదిలేసి మంత్రిని పట్టుకోండి. తొమ్మిదయింది."

ఆయన తల ఊపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో నలుపు పోదు. పదేళ్ళుగా ఆ గోళ్ళతోనే ఆయన శాసనసభ్యుడు.

సభ్యుడు కావడం ఆయన కోరుకున్నది కాదు. పార్టీలో ఇద్దరు పెద్దవాళ్ళు ఆ సీటు కోసం పంతాలకి పోయి, నాకు రాకపోతే నీకూ రానివ్వనని ఒకరికొకరు తెగేసి చెప్పుకుని, చివరికి ఇద్దరి పడవల ఇంజన్లనీ బాగుచేసే మనిషి దగ్గర రాజీ పడ్డారు. కబురు చెప్పడానికి వచ్చినవాళ్ళకి ఆయన ఇంజను కింద పడుకుని కనిపించాడు. కాళ్ళు మాత్రమే బయట ఉన్నాయి. శుభవార్త ఆ కాళ్ళకే చెప్పి వెళ్ళిపోయారు.

సభలో మొదటిసారి లేచిన రోజున మైకు పనిచేయలేదు. రెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాక పక్క సభ్యుడు, మీరేమైనా అన్నారా అని అడిగాడు. ఆయన మైకు విప్పి వదులైన తీగ బిగించాడు గానీ, ఆ ప్రసంగాన్ని మాత్రం మళ్ళీ చేయలేదు. ఆ తర్వాత ఆయన వెనక వరసలో కూర్చుని వినేవాడు, చేయెత్తమన్నప్పుడు ఎత్తేవాడు. ఊళ్ళో ఉన్నప్పుడు షెడ్డులో పని చేసుకుంటూనే అర్జీలు వినేవాడు. పింఛను రాలేదని వచ్చినవాళ్ళు, ఎలాగూ వస్తున్నాం, ఖాళీ చేతులెందుకని పాడైన స్టవ్వు కూడా పట్టుకొచ్చేవారు. స్టవ్వు ఆ పూటే బాగయ్యేది. పింఛనుకి కొంచెం ఆలస్యమయ్యేది.

ఆ రోజు సభలో ఆయన ప్రశ్న ఒకటుంది. వరసలో ఎనిమిదోది. ప్రశ్నలకిచ్చే గంటలో ఆరు దాటితే గొప్ప. సమయం చాలనివాటికి జవాబు కాగితం మీద ఇచ్చేసి ఊరుకుంటారు, మంత్రిని ఎదురుగా నిలబెట్టి అడగడానికి ఉండదు. ఈ సభకి అవే చివరి సమావేశాలు.

ఏడాది మొదట్లో ఒక కొత్త నిబంధన వచ్చింది. చేపపిల్లలు ఎదగాలంటే తీరం దగ్గర చీకటి వేట మానాలని, పొద్దుగుంకేలోగా ప్రతి చిన్న పడవా రేవు లోపల ఉండాలని, లేకపోతే ఆ పడవని నెల రోజులు కట్టేస్తామని అన్నారు. మంచి మాటే. మెకానిక్ కూడా చేయెత్తాడు. చేయెత్తినప్పుడు ఆయనకి మొగ గుర్తు రాలేదు. సముద్రంలోంచి రేవులోకి వచ్చే ఇరుకుదారిని వాళ్ళ ఊళ్ళో మొగ అంటారు. రెండు పక్కలా రాళ్ళ కట్టలు, మధ్యలో ఇసుక మేట. పోటు వచ్చి నీళ్ళు నిండితేనే పడవ దాటుతుంది. ఆ పోటు ఒక్కో వారం పొద్దుగుంకాక ఎప్పటికో గానీ రాదు. దారి చూపించే దీపం ఆరిపోయి ఏడాది దాటింది.

పొద్దుగుంకేలోగా చేరాలన్న తొందరలో ఒక్క నెలలో మూడు పడవలు మేట మీద తిరగబడ్డాయి. వాటిలో ఒకటి ఆయన తమ్ముడిది. వారం తిరక్కుండా తమ్ముడు బుద్ధిగా పోటు కోసం బయటే ఆగితే, ఆలస్యమైందని పడవని కట్టేశారు. ఆ ఉదయం ఫోన్లో తమ్ముడు పెద్దగా ఫిర్యాదు చేయలేదు.

"అన్నా, సూర్యుణ్ణి కాస్త ఆగమని చెప్పు. ఆయన వినకపోతే మంత్రికి చెప్పు," అన్నాడంతే.

మెకానిక్ సభ మొదలవడానికి అరగంట ముందే వెళ్ళి, తన కంటే ముందు ప్రశ్నలున్న ఏడుగురినీ వరసగా కలిశాడు. త్వరగా ముగించమని ఒకరినొకరు అడగడం అక్కడ అలవాటు లేని పని. అయితే ఆ ఏడుగురిలో ఒకరి ఫ్యానూ, ఒకరి కారూ, ఒకరి తల్లిగారి చక్రాల కుర్చీ ఆయన చేతిమీదుగా బాగయినవే. ఆరుగురు సరేనన్నారు. ఏడోవాడు మెట్ట ప్రాంతపు సభ్యుడు. బోరుబావుల గురించి లేచాడంటే పాతాళం దాకా వెళ్ళి గాని తిరిగి రాడని పేరు.

"నా నోటికి బ్రేకు లేదని మీకు తెలుసు కదయ్యా," అన్నాడాయన నిజాయితీగా.

మెకానిక్, ఇంజను ఆగకపోతే ముందు ఇంధనం కట్టేస్తామని చెప్పాడు. మెట్ట సభ్యుడు నవ్వి, చేతిలోని ఆరు కాగితాల్లోంచి ఐదు తీసి ఆయన జేబులో కుక్కాడు.

గంట మొదలైంది. మొదటి ప్రశ్నలు చకచకా నడిచాయి. ఐదో దాని దగ్గర రెండు పక్షాలూ అరుచుకుని పది నిమిషాలు తినేశాయి. మెకానిక్ గోడ గడియారాన్నే చూస్తున్నాడు. ఏడో ప్రశ్నకి మెట్ట సభ్యుడు లేచేసరికి ఎనిమిది నిమిషాలే మిగిలాయి. ఆయన గొంతు సవరించుకుని, ఒక్క కాగితం చదివి, మంత్రి జవాబు విని, కూర్చున్నాడు. సభంతా తిరిగి చూసింది. గౌరవ సభ్యులకి ఒంట్లో బాగానే ఉందా అని సభాపతి అడిగాడు.

ఎనిమిదో ప్రశ్నకి నాలుగు నిమిషాలు దొరికాయి. మత్స్యశాఖ మంత్రి చురుకైన మనిషి. జవాబుని గబగబా చదివేసింది. నిబంధన సక్రమంగా అమలవుతోంది, దీపం మరమ్మతు పరిశీలనలో ఉంది, మొగ వద్ద ప్రాణనష్టమేమీ జరగలేదు. మెకానిక్ లేచి నిలబడ్డాడు. ముందు మైకుని వేలితో తట్టి, పలుకుతోందని తేల్చుకున్నాడు.

"మంత్రిగారూ, నిన్న పొద్దుగుంకే వేళకి మా మొగలో ఎంత లోతు నీళ్ళున్నాయో చెప్పగలరా?"

అధికారులు కూర్చున్న పక్క కాగితాలు గలగలలాడాయి. ఆ వివరం ప్రస్తుతానికి తన దగ్గర లేదని మంత్రి అంది.

"నా దగ్గరుందండీ. మోకాలి లోతు. మా తమ్ముడు దిగి చూశాడు. పడవకి మొల లోతు కావాలి. అన్ని నీళ్ళు వచ్చేసరికి పొద్దుగుంకి రెండు గంటలైంది. సూర్యుడు మీ నిబంధన ప్రకారమే నడుస్తున్నాడు గానీ, పోటుకి ఇంకా కాగితం అందినట్టు లేదు."

నవ్వులు లేచాయి. మంత్రి కూడా నవ్వింది. అవి సద్దుమణిగేదాకా ఆయన ఆగాడు.

"ఈ నిబంధనకి నేనూ చేయెత్తాను. ఆ రోజు నాకీ సంగతి తట్టలేదు. తప్పులో నాకూ వాటా ఉంది. ప్రాణనష్టం లేదని రాశారు, నిజమే. ఆ మాట మార్చి రాయాల్సిన రోజు రాకముందే అడుగుదామని లేచాను."

గంట పూర్తయింది. సభాపతి గడియారం వైపు చూశాడు గానీ, ఎందుకో బల్ల మీది గంట కొట్టలేదు.

మంత్రి చేతిలోని కాగితం కింద పెట్టి, సభ్యులు ఏం కోరుతున్నారని అడిగింది. ఆయన రెండు చెప్పాడు. మొగలో దీపం వెలగాలి. పోటు కోసం మొగ బయట లంగరు వేసుకుని ఆగిన పడవని లోపలికి వచ్చిన పడవగానే చూడాలి.

"దీపం పదిహేను రోజుల్లో వెలుగుతుంది. రెండోదానికి మధ్యాహ్నం నా గదికి రండి," అంది మంత్రి.

మధ్యాహ్నం ఆ గదిలో నిబంధనలు రాసే అధికారి పెద్ద అభ్యంతరమే లేవదీశాడు. ఆగినవాళ్ళు ఆగారో, ఆగినట్టు నటిస్తూ వేటాడుతున్నారో ఒడ్డున ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుందని. వల మొత్తం తీసి పడవలో నిలబెట్టిన కొయ్యకి ఎత్తికట్టి, పక్కన లాంతరు వేలాడదీయమనండి, రేవు కాపలా గది నుంచి కనబడుతుంది, నీళ్ళలో వల ఉంటే కొయ్య మీద ఉండదు కదా అన్నాడు మెకానిక్. అధికారి కొంచెం సేపు పెన్ను కొరికి, ఒక్క వాక్యం రాసి ఇచ్చాడు. మెకానిక్ దాన్ని మూడుసార్లు చదివాడు. ఇంజనులో తేడా చప్పుడు విన్నట్టు మధ్యలో ఒకచోట ఆగాడు.

"ఈ 'వీలైతే' అన్న మాట తీసెయ్యండి."

మంత్రి కాగితం తీసుకుని తన పెన్నుతోనే ఆ మాట కొట్టేసి సంతకం పెట్టింది.

బయటికి వస్తుంటే వరండాలో పార్టీ నాయకుడు భుజం మీద చేయి వేసి పక్కకి తీసుకెళ్ళాడు. ఈసారి సీటు ఒక యువ న్యాయవాదికి ఇస్తున్నామని, మంచి మాటకారి అని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని అన్నాడు. మాట్లాడేవాళ్ళు ఉండాలి కదండీ అన్నాడు మెకానిక్. ఆ కుర్రలాయరుకి మొగ గురించి ఒకసారి విడమరచి చెప్పొచ్చా అని మాత్రం అడిగాడు. నాయకుడు భుజం ఇంకోసారి తట్టాడు.

సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతుంటే ఆయన సీటు సంగతి చెప్పాడు. ఆవిడ మడత ఆపలేదు.

"బాధగా ఉందా?"

"నిన్న చెప్పి ఉంటే ఉండేది."

"పదేళ్ళుగా షెడ్డు ముందు నిలబడి వస్తారు, వస్తారు అని అందరికీ చెప్పి నా నోరు పడిపోయింది," అందావిడ. "ఇక ఆ మాటేదో మీరే చెప్పుకోండి." అనేసి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు, షెడ్డు పైకప్పు మార్చాలా, ఉన్నదానికే అతుకు వేయాలా అని వాదించుకున్నారు.

శనివారంతో సభ ముగిసింది. ఆదివారం పొద్దున్నే రెండు పెట్టెలతో బస్సెక్కి వెళ్ళిపోయారు. కాపలాదారు బస్సు దాకా వచ్చి, మోటారుకి గాలి పడితే ఏం చేయాలో ఇంకోసారి చెప్పించుకున్నాడు. మంత్రి మాటిచ్చిన పదమూడో రోజున మొగలో దీపం వెలిగింది. తమ్ముడు, నెల గడువు తీరి చేతికొచ్చిన పడవని ఆ వెలుతురులో పోటు మీద లోపలికి తెచ్చి, తడి బట్టలతోనే షెడ్డుకి వచ్చాడు. వెలుగు కళ్ళలో పడుతోంది, కాస్త పక్కకి తిప్పించమన్నాడు. ఇంజను కింద ఉన్న మెకానిక్, ఆ పని రాబోయే సభ్యుడిదని లోపలినుంచే జవాబిచ్చాడు.

వసతి భవనంలో, కొత్తవాళ్ళ కోసం కాపలాదారు ఆ రెండో అంతస్తు గది తెరిచి ఊడ్చాడు. మొదటి ప్రమాణస్వీకారానికి మెకానిక్ చేత ఆయన భార్య పట్టుబట్టి కొనిపించిన నల్ల బూట్లు మంచం కింద గోడవైపు తిరిగి పక్కపక్కనే ఉన్నాయి, లేసులు ముడి వేసినవి వేసినట్టే.