మడతల మాస్టారు

తెల్లవారి ఐదింటికి ఇస్త్రీ దుకాణం తలుపు తీయగానే ఆవిడ చేసే మొదటి పని పెట్టె వేడికి పెట్టడం కాదు, పై అరలోంచి మొగుణ్ణి దించడం. ఆయన దుప్పటిలా నాలుగు మడతలుగా ఉంటాడు. ఒక్కో మడతా విప్పి, నిలబెట్టి, వీపు మీద రెండుసార్లు తట్టిందంటే మాస్టారు మనిషవుతాడు. మనిషయ్యీ అవకముందే కాఫీ ఏదని అడుగుతాడు.

దుకాణం పైనున్న హాల్లో ఆయన యోగా నేర్పుతాడు. ఒళ్లు వంచడమే యోగా అని ఆయన సిద్ధాంతం. పదేళ్లపాటు వంచగా వంచగా ఒంట్లో పట్టు పోయి, ఒక సాయంత్రం క్లాసయ్యాక మడతపడినవాడు మళ్లీ లేవలేకపోయాడు. ఆవిడ బట్టలు సర్దే చేత్తోనే ఆయన్నీ సర్ది అరలో పెట్టింది. మర్నాటి నుంచి అదే అలవాటైంది. ఇస్త్రీ బట్టల కోసం వచ్చినవాళ్లు అర వంక చూసి, మాస్టారు అప్పుడే పడుకున్నారా అని అడిగి తమ చొక్కాలు తీసుకుపోయేవారు. చొక్కా మీద చిన్న మరక కనబడితే మాత్రం గంటసేపు పోట్లాడేవారు.

మడతపడటం ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. విప్పుకోవడమే చేతకాదు. అంత గొప్ప విద్య మరి!

క్లాసులో ఒక నియమం ఉండేది. ఏ ఆసనంలోనూ రెండు శ్వాసలకు మించి ఆగకూడదు. ఆగితే ఒళ్లు వణుకుతుంది, వణుకు మొరటుతనం, వణికినవాళ్లు బయటికి పోవాలి. శిష్యులు ముప్పైమంది. కాలు తీసి మెడ మీద వేసుకోమంటే టక్కున వేసుకుంటారు. చేతులాన్చకుండా నేల మీంచి లేవమంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. మెడ మీద కాలేసుకుని ఏం పని చేసుకుంటారో ఆ మహానుభావులకే తెలియాలి.

మొదట్లో ఆవిడ కూడా ఆ క్లాసులో చేరింది. అరచేతులూ కాలివేళ్లూ మాత్రమే నేలకాన్చి ఒళ్లంతా పలకలా నిలిపే ఆసనంలో ఆవిడ చేతులు వణికాయి. మాస్టారు అందరి ముందూ, నువ్వు వట్టి ఇస్త్రీ బల్లవి, కిందికెళ్లి బట్టలు చూసుకో అన్నాడు. శిష్యులంతా పకపకా నవ్వారు. ఆవిడ కిందికి వెళ్లింది గానీ ఆ నవ్వును మరిచిపోలేదు.

రోజూ పెట్టె వేడెక్కేలోపు బల్ల వెనక అదే ఆసనం వేసేది. వణుకు వచ్చేది, రానిచ్చేది. మొగుణ్ణి ఏళ్ల తరబడి మడిచి విప్పడంతో ఒళ్లు ఎక్కడిదాకా వంగుతుందో, ఎక్కడ ఆపాలో కూడా చేతికి తెలిసొచ్చింది. అలా తనూ వంగడం నేర్చుకుంది, వంగినచోట నిలవడమూ నేర్చుకుంది. ఆవిడకున్న కోరిక ఒక్కటే. ఆ పై హాల్లో, ఆ నవ్విన మొహాల మధ్యే, మధ్యలో ఆగిపోయిన ఆ ఆసనాన్ని పూర్తి చెయ్యాలి.

ఇంతలో క్లాసుకొచ్చే బస్సు డ్రైవరుకు భుజం జారింది. ఇంకా వంచు, ఇంకా వంచు అని మాస్టారు అంటుంటే పాపం వంచాడు. కట్టు కట్టిన ఎముకల డాక్టరమ్మే ఆ మేడకు సొంతదారు. ఆ నెలలో అదే క్లాసు నుంచి డాక్టరమ్మ దగ్గరికొచ్చిన నాలుగో భుజం అది. నేరుగా మెట్లెక్కి వచ్చి, శుక్రవారం పొద్దున మళ్లీ వస్తాననీ, నేర్పేవాళ్లు తన కళ్ల ముందు పలకలా ఐదు నిమిషాలు నిలవాలనీ, లేకపోతే హాలుకు తాళం వేస్తాననీ చెప్పి వెళ్లింది. అదేమన్నా విద్యా, కూలిపని అన్నాడు మాస్టారు. శిష్యులు అవునవునని తలలూపారు. తలలు మాత్రం బాగానే ఊగుతాయి వాళ్లకు.

తాళం పడితే ఆవిడ కోరికకూ తాళమే. ఆ సాయంత్రం ఆయన్ని మడుస్తూ, "ఏమండీ, ఈ నాలుగు రోజులన్నా కాస్త నిలవడం సాధన చెయ్యండి. నేను పట్టుకుంటాను," అంది.

"ఇస్త్రీ బల్ల నాకు నేర్పుతుందా?" అన్నాడాయన మూడో మడతలోంచి.

ఆవిడ నాలుగో మడత వేసేసింది. ఆ తర్వాత మాట వినపడలేదు.

శుక్రవారం పొద్దున డాక్టరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంది. మాస్టారు చేతులూ కాలివేళ్లూ నేలకాన్చాడు. పది లెక్కపెట్టేలోపు పొట్ట తడిబట్టలా జారింది. ఇరవైకి భుజాలు జారాయి. ముప్పైకల్లా ఆయన హాలు మధ్యలో చక్కగా నాలుగు మడతలై పడున్నాడు. శిష్యులు చప్పట్లు కొట్టారు. సిగ్గులేని జన్మలు, అంతకంటే ఏం చేస్తారు?

చప్పట్లు వినగానే ఆవిడ అలవాటుగా పైకొచ్చి మొగుణ్ణి ఎత్తుకుంది. డాక్టరమ్మ సంచిలోంచి తాళం తీసి చేత్తో పట్టుకుంది.

"ఒక్క ఐదు నిమిషాలు ఆగండి డాక్టరమ్మా. నేను నిలుస్తాను," అంది ఆవిడ.

నేల దుమ్ముగా ఉంది, ఆయన్ని ఎక్కడా పెట్టబుద్ధి కాలేదు. తన వీపు మీదే పెట్టుకుని ఆసనం వేసింది. రెండో నిమిషానికి చేతులు వణికాయి. మూడో నిమిషానికి ఒళ్లంతా వణికింది, మడతల్లో మాస్టారు కూడా ఊగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఐదయ్యాయంది డాక్టరమ్మ. ఆవిడ ఇంకో శ్వాస ఉండి, అప్పుడు దిగింది. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. డాక్టరమ్మ తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఐదింటికి ఆవిడ దుకాణం తలుపు తీసింది గానీ అర జోలికి పోలేదు.

"నన్ను విప్పవా?" అన్నాడు మాస్టారు.

"క్లాసుకు వేళయింది. మీరే విప్పుకోండి," అని మెట్లెక్కింది.

పైన బస్సు డ్రైవరు ఒంటిచేత్తో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మిగిలినవాళ్లు పలకలా నిలిచి, ఎన్ని శ్వాసలని గొణుగుతున్నారు. అంతలో కింద దుకాణంలో అర గడగడలాడిన చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఇన్నేళ్లకు పెద్దమనిషి తనంతట తానే విప్పుకోబోతున్నాడు, ఒళ్లు వణుకుతోంది.

ఆవిడ మెట్ల దగ్గరికెళ్లి నిలబడి, కిందికి కూడా వినపడేలా, "దిగకండి. ఇంకో ఐదు శ్వాసలు," అంది.