గాజుపలక మీద దాలమ్మ

నేను మీ చూపుడువేలంత పొడవు, రూపాయి బిళ్లంత వెడల్పు ఉన్న ఒక గాజుముక్కను. ల్యాబుల్లో నన్ను స్లైడు అంటారు. నాకు చలీ వేడీ తెలియవు. సంతోషం వస్తే ఏం చేయాలో, దుఃఖం వస్తే ఏం చేయాలో అంతకన్నా తెలియదు. కింద పడితే పగులుతాను. దానికి దుఃఖం అక్కర్లేదు.

నన్ను ఏ ఊళ్లో కరిగించారో, ఏ యంత్రం కోసిందో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా అట్టపెట్టె. అందులో యాభై మందిమి వరసగా నిలబడి ఉండేవాళ్లం. ఒకరి ముఖం ఒకరికి అద్దం. చూడటానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు. మాతోపాటు వచ్చిన పెట్టెల్లో కొన్ని జూనియర్ కాలేజీకి వెళ్లాయి. అక్కడ వాటి మీద ఉల్లిపొర పరుస్తారట. పొర నిండా ఇటుకలు పేర్చినట్టు గదులు, గదికొక చుక్క. ఉల్లిపాయైనా, దాన్ని తరిగే మనిషైనా అలాంటి గదుల కుప్పే. ప్రాణం ఉన్నది ఏదైనా కణాలతోనే కట్టిన ఇల్లు. ఇంటి యజమానులకు మాత్రం ఆ సంగతి ఏదైనా గది పాడైనప్పుడే గుర్తొస్తుంది.

మా పెట్టె సముద్రం దగ్గరి ఒక పట్టణంలో, పెద్దాసుపత్రి ల్యాబుకు చేరింది. ఆ ల్యాబు డాక్టరు పేరు కాత్యాయని. సూక్ష్మదర్శినిలో చూసి కణాల మంచిచెడ్డలు చెప్పడం ఆవిడ పని. టెక్నీషియన్ హారికకు అప్పటికి పెళ్లయి మూడు వారాలు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉండేది. మధ్యాహ్నం డబ్బాలో భర్త ఏం సర్దాడో మూత తీసేదాకా తనకు తెలియదని, ఆ తెలియకపోవడమే బాగుంటుందని అందరికీ చెప్పేది. ఒకరోజు ఉప్మాలో జీడిపప్పు బదులు వేరుశనగలు కనిపిస్తే అరగంట నవ్వింది. ఉద్యోగంలో చేరిన రోజు డాక్టరుగారు ఆమెకు ఒకే మాట చెప్పారు.

"ముందు స్పిరిట్టు, తర్వాతే మాటలు."

దాని అర్థం చెబుతాను. ఒంట్లోంచి తీసిన కణాలను నా మీద పులమగానే, తడి ఆరకముందే స్పిరిట్టు సీసాలో ముంచాలి. అప్పుడు అవి ఉన్నవి ఉన్నట్టు నిలబడిపోతాయి. గాలికి ఆరాయంటే పెనం మీద పోసిన అట్టులా పరుచుకుంటాయి. మధ్యనున్న చుక్క ఉబ్బుతుంది, చెదురుతుంది. జబ్బు పడిన కణం కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. చుక్క పెద్దదవడమే దాని గుర్తు.

ఏప్రిల్‌లో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం కేన్సరు పరీక్షల శిబిరం పెట్టారు. కార్మికులు భోంచేసే రేకుల షెడ్డులో ఒక మూల చీరలు అడ్డం కట్టారు. లోపల బల్ల, నర్సు సింహాచలమ్మ, హారిక, స్పిరిట్టు సీసా, నేను. ఎండకు రేకులు కాలుతుంటే నిలువు ఫ్యాను ఒకటి తెచ్చి పెట్టారు.

నా వంతుకు వచ్చిన మనిషి దాలమ్మ. ముప్పై ఒక్కేళ్లు. జీడిగింజలు కొట్టి కొట్టి ఆ నూనెకు వేళ్ల కొసలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. చెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు చేసి, చివర్న తను చేసుకుని ఎనిమిది నెలలైంది. పిల్లల కోసం చూస్తున్నామని, ఈ పరీక్ష చేస్తే అడ్డేమీ రాదు కదా అని పడుకోబోతూ రెండుసార్లు అడిగింది. రాదని సింహాచలమ్మ చెప్పింది.

హారిక పద్ధతి ప్రకారం ముందే నా గరుకు అంచు మీద పెన్సిలుతో 'దాలమ్మ' అని రాసింది. సింహాచలమ్మ తీసిచ్చిన తడిని నా మీద పులిమింది. స్పిరిట్టు సీసా వైపు చెయ్యి చాచింది.

"ఆగమ్మా," అంది సింహాచలమ్మ. "ఇందాకా ఒక దాలమ్మ ఎల్లింది గదా. రేపు ఎవులు ఎవులో తెల్దు. మొగుడి పేరు కూడా రాసీ."

ఒకరి పలక ఇంకొకరి పేరుతో మారిపోవడం ల్యాబులో అన్నిటికన్నా పెద్ద తప్పు. హారికకు ఆ భయం ఎక్కువ. నన్ను బల్ల మీద పెట్టి మళ్లీ పెన్సిలు తీసుకుంది.

"మీ ఆయన పేరేంటమ్మా?"

దాలమ్మ చీర సర్దుకుంటూ తల వంచుకుంది. "నాను సెప్పనమ్మా."

"పేరు సెప్తే ఆడి ఆయుస్సు తరిగిపోద్దేటే?" అంది సింహాచలమ్మ.

"మా అత్త సెప్పొద్దంది."

"మీ అత్త ఇక్కడుందేటి?"

హారిక నవ్వేసింది. "నాకూ పెళ్లయి మూడు వారాలే. రోజుకు పదిసార్లు పేరు పెట్టి పిలుస్తాను. బాగానే ఉన్నాడు."

"మీరు సదువుకున్నోలు. మీకు సెల్లుతాది."

"పోనీ గుర్తు చెప్పండి. నేనే కనుక్కుంటా."

దాలమ్మ కాసేపు ఆలోచించింది. "శీకాకుళం అవతల గుడిలో ఉంతాడు. నీల్లల్లో తిరుగుతాడు. నిదానంగా నడుస్తాడు."

"నత్తా?"

చీరల అవతల వరసలో నిలబడ్డ ఆడవాళ్లు కూడా ఘొల్లుమన్నారు. దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "సామి నత్తేటమ్మా," అని సింహాచలమ్మ నుదురు కొట్టుకుంది. "తాబేలు. కూర్మం. కూర్మారావు. అవునేటే?"

"అదే," అంది దాలమ్మ నేలను చూస్తూ.

హారిక ఆ పేరు గుండ్రంగా, ముద్దుగా రాసింది. తర్వాత నన్ను స్పిరిట్టులో వేసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నా మీది తడి ఎప్పుడో ఆరిపోయింది. అది నాకు తెలుసు. తెలియడం తప్ప నేను చేయగలిగింది లేదు. వాళ్లు నవ్వడం బాగుందో లేదో కూడా నేను చెప్పలేను.

నాలుగు రోజుల తర్వాత నాకు రంగులు వేశారు. ఒకటి గులాబి, ఒకటి సముద్రపు నీలిపచ్చ. పైన పల్చటి అద్దం అతికించారు. కాత్యాయని గారు నన్ను సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూశారు. అటు జరిపారు, ఇటు జరిపారు. ఆవిడ ఊపిరి నాకు తగులుతూ ఉంది.

"హారికా, ఇది గాని ఆరిందా?"

"లేదు మేడమ్. వెంటనే వేశాను."

హారిక అబద్ధం ఆడలేదు. ఆ నవ్వుల సమయం ఆమెకు అంత చిన్నదిగా గుర్తుండిపోయింది. మనుషులు సంతోషాన్ని కొలిచేటప్పుడు గడియారం వాడరని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరుగారు కాగితం మీద రాశారు. అనుమానంగా ఉంది, ఇదే నిర్ధారణ కాదు, నెలలోపు మళ్లీ పరీక్ష చేయాలి. అంతా ఇంగ్లీషులోనే రాశారు. హారిక ఆ కాగితాన్ని ఫ్యాక్టరీకి పంపి, కూర్మారావుకు ఫోను చేసి మళ్లీ రమ్మంది. వస్తామండి అన్నాడు. 'మళ్లీ చూడవలసినవి' అని రాసిన ట్రేలో నన్ను కిటికీ పక్కన పెట్టారు. హారిక వారానికోసారి ఫోను చేసేది. మూడోసారి ఎవరూ ఎత్తలేదు.

నెల దాటాక కూర్మారావే వచ్చాడు. పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చేతిలో గుడ్డసంచి, సంచిలో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. కిటికీలోంచి దాన్ని లోపలికి జరిపాడు.

"ఆపరేసను సేసినారండి. ఈ ముక్క మీ కాడ పరీచ్చ సేయించమన్నారు."

"పేషెంటు పేరు?" అంది హారిక తల ఎత్తకుండా.

"దాలమ్మండి. భర్త కూర్మారావు."

పెన్సిలు ఆగిపోయింది. "మేం మళ్లీ రమ్మన్నాం కదండీ."

"రెండోపాలి పిలిసినారంటే అదేనని ఫేట్రీలో అందరూ అన్నారండి. కాయితం పట్టుకుని ఒక నర్సింగు హోముకి ఎల్లినాం. పాకీకముందే గర్బసంచి తీసీడం మేలన్నారు. పిల్లల్లేరని సెప్పినామండి. మనిసి ముఖ్యమా పిల్లలు ముఖ్యమా అన్నారు. మనిసే అన్నానండి."

ఆ డబ్బాలోని మాంసాన్ని ముక్కలుగా కోసి, మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా చెక్కి పన్నెండు పలకల మీద పరిచారు. కాత్యాయని గారు ఒక్కొక్కటే చూశారు. ఒక రోజంతా పట్టింది. పన్నెండింటిలోనూ కణాలు వరస తప్పకుండా, ఎవరి గదిలో అవి, చిన్న చిన్న చుక్కలతో ఉన్నాయి. ఆవిడ లేచి వచ్చి ట్రేలోంచి నన్ను తీసుకున్నారు. ఈసారి ఎక్కువసేపు చూడలేదు.

"ఇది ఎంతసేపు ఆరింది, హారికా?"

హారిక ఆ పన్నెండింటినీ చూసింది. నా అంచు మీది గుండ్రటి అక్షరాలను చూసింది. "పేరు రాశాను మేడమ్. వాళ్లాయన పేరు."

"ఎంతసేపు?"

"తెలియదు మేడమ్. నవ్వుకున్నాం."

డాక్టరుగారు ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండునన్నట్టు ఉంది హారిక ముఖం. ఆవిడ కుర్చీలో కూర్చుని, "ఆరిన కణాలని నేనూ గుర్తుపట్టలేకపోయాను," అన్నారు. ఆ రోజు హారిక తన మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయలేదు.

రిపోర్టు కోసం భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. దాలమ్మ పొట్ట మీద చెయ్యి ఆనించి మెల్లిగా నడుస్తోంది. కాత్యాయని గారు వాళ్లను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. నేను ఆవిడ బల్ల మీదే ఉన్నాను.

"కేన్సరు ఎక్కడా లేదమ్మా."

దాలమ్మ భర్త వైపు తిరిగింది. ఇద్దరి ముఖాలూ ఒకేసారి తేటపడ్డాయి. కూర్మారావు చేతులు జోడించాడు. దాలమ్మ సంచిలోంచి కాగితం పొట్లం తీసి హారిక చేతిలో పెట్టింది. అందులో విరగని తెల్ల జీడిపప్పులు. ఏరి తెచ్చినట్టున్నాయి.

"అన్నీ గుండువే అమ్మా. బద్ద ఒకటీ లేదు."

హారిక పొట్లాన్ని పట్టుకుని నిలబడింది. అప్పుడు దాలమ్మ అడిగింది.

"ఆపరేసను సేస్తే పోనాదా అమ్మా, ముందునుంచీ లేదా?"

ఒక చిన్న అబద్ధం ఆ గదిలో అందరికీ అందేంత దగ్గర్లో ఉంది. దాన్ని ఆడితే దాలమ్మ నవ్వుతూ ఇంటికి వెళ్తుంది. కాత్యాయని గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ముందునుంచీ లేదమ్మా. మొదటి పరీక్ష మేం సరిగా చేయలేదు. తప్పు మాది. ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నా చేయండి, అదే రాసి ఇస్తాను."

దాలమ్మ ఎవరి వైపూ చూడలేదు. తన నల్లటి వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. కూర్మారావు రిపోర్టును రెండు మడతలు, నాలుగు మడతలు, ఎనిమిది మడతలు పెట్టాడు. ఇక మడవడానికి కాగితం లేదు.

"అయితే," అంది దాలమ్మ చివరికి, "ఎప్పున్నుంచి పన్లోకి ఎల్లొచ్చు?"

"ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు."

"ఆరు వారాలు," అని ఆమె భర్తకు మళ్లీ చెప్పింది, అతను విననట్టు. తర్వాత ఇద్దరూ లేచి వెళ్లారు. తలుపు దగ్గర కూర్మారావు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. వద్దని ఆమె అనలేదు.

ల్యాబులో ప్రతి పలకనూ కొన్నేళ్లు దాచాలి. నన్నూ ఆ పన్నెండింటితోపాటు చెక్క సొరుగులో పెట్టారు. డబ్బాలో మిగిలిన మాంసాన్ని పద్ధతి ప్రకారం కాల్చేశారు. దాలమ్మ గర్భసంచిలో ఇప్పుడు లోకంలో మిగిలింది ఈ సొరుగులో ఉన్నదే. నా వంతుకు కొన్ని వేల కణాలున్నాయి. అతికించిన అద్దం కింద అవి పెరగవు, చీలవు, చావవు. గాలికి కాస్త ఉబ్బిన మాట నిజమే. అంతకుమించి వాటిలో ఏ లోపమూ లేదు. నా మీద ఉన్నవి మంచి కణాలు.