నోటినిండా పిన్నులు

ఆ వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు తెలిసేది బ్యూటీ పార్లర్ రేడియోఅక్కకి. ఆవిడకి తెలిసిందంటే ఇంక వీధికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. కాకపోతే రేడియోకి కట్టేసే మీట ఉంటుంది, ఈవిడకి అది కూడా లేదు.

నోట్లో నువ్వుగింజ నానదంటారే, ఆ బాపతు. చెడ్డమనిషి మాత్రం కాదు, అది ముందే చెప్పెయ్యాలి. ఒకళ్ళ మీద ఇంకొకళ్ళకి ఎక్కించాలని ఒక్క ముక్క అనదు. జుట్టుకి రంగు పూస్తూ, "నీకొక్కదానికే చెప్తున్నా, ఎవరితోనూ అనకు" అని మొదలుపెడుతుంది, అంతే. సాయంత్రానికి ఆ సంగతి వీధి చివర ఇస్త్రీ బండి దాకా పోతుంది. కొప్పు ముడిచేటప్పుడు పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుంటుందా, అప్పుడైనా ఆగుతుందనుకుంటాం. ఆగదు. పిన్నుల సందుల్లోంచే మాట్లాడేస్తుంది.

ఆ కబుర్ల మధ్యలో ఉండుండి ఒక కేక వేస్తుంది: "కాళ్ళు తుడుచుకోండీ!" పార్లర్ గచ్చు తళతళలాడాలి ఆవిడకి. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా పరిచి ఉంటుంది. దాన్ని దాటేసి ఎవరైనా అడుగు లోపల పెట్టారో, ఆ కేకకి రోడ్డవతల కూరగాయల కొట్టాయన కూడా ఉలిక్కిపడి తన కాళ్ళు చూసుకుంటాడు.

ఈ నోటి వల్ల ఆవిడకి జరిగిన నష్టం ఒకటే గానీ, చిన్నది కాదు. కన్నకూతురు ఆవిడకి ఏమీ చెప్పదు.

కూతురిది ఫైర్ స్టేషన్లో ఉద్యోగం. నిచ్చెనలెక్కడం, మేడల మీంచి మనుషుల్ని దింపడం. ఆ ఉద్యోగానికి మొదటిసారి పరీక్ష తప్పినప్పుడు, ఏడుస్తూ వచ్చి అమ్మకి మాత్రమే చెప్పుకుంది. మర్నాడు పొద్దున్నే పాలాయన సైకిలాపి, "పోన్లే తల్లీ, మళ్ళీ రాద్దువు గానీ" అన్నాడు. ఆ పిల్లకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఏదున్నా నాన్నకే. నాన్న బస్సు డ్రైవరు, మనిషి నోట్లోంచి మాట రావాలంటే పక్కన హారన్ కొట్టాలి. వీధి కబుర్లన్నీ వీధికి చెప్పే రేడియోఅక్కకి, సొంత కూతురి కబుర్లు వీధి చెప్పాల్సొచ్చేది.

"దాటగలవా" అని టీవీలో వస్తుంది చూడండి, దేశానికి ముగ్గురు చొప్పున జట్టుగా వచ్చి అడ్డంకులన్నీ దాటే ఆట. దానికి మన జట్టులో కూతుర్ని తీసుకున్నారన్న మాట కూడా అక్కకి అలాగే తెలిసింది. రంగు వేయించుకుంటున్న బడి టీచరమ్మ, "కంగ్రాట్సండీ, మీ అమ్మాయి సంగతి విన్నాను" అంది. అక్క చేతిలో కుంచె ఆగిపోయింది. "ఆఁ, ఆఁ, మాకు తెలుసుగా" అని నవ్వి, లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

జట్టులో ఒక్కో మనిషికి ఒక బంధువు చొప్పున వెళ్ళి చూడొచ్చు. ఆ కుర్చీ నాన్నదే, అందులో అనుమానమే లేదు. కానీ ప్రయాణం ముందర నాన్న బస్సు మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కూతురు గోళ్ళు కొరుక్కుంటూ, "పక్కింటి బాబాయిని రమ్మంటే?" అంది.

నాన్న మంచం మీంచే, "మీ అమ్మ బతికే ఉందే" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడి చాలా కాలమైంది. దాంతో అక్క వెళ్ళింది.

అక్కడ గేటు దగ్గరే ఒకాయన, లోపలికెళ్ళే అందరినీ అడిగినట్టే, ఒక కాగితం చాపి సంతకం అడిగాడు. ఆట ఇప్పుడు వీడియో తీసి, తర్వాతెప్పుడో టీవీలో వేస్తారట. ఈలోగా ఎవరి తరఫు వాళ్ళు ఫలితం బయటపెడితే, ఆ జట్టు గెలుపు రద్దు చేసేస్తారట. మొగుడితో కూడా అనకూడదట. అక్క కలం కాగితం మీద ఆనించి, మళ్ళీ ఎత్తింది. కూతురు ఆ చెయ్యే చూస్తోంది.

"అమ్మా, ఇది నా ఒక్కదాని విషయం కాదు. మిగతా ఇద్దరూ ఉన్నారు, దేశం ఉంది. నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు, బయట కూర్చో. నేనేమీ అనుకోను."

ఆ 'నేనేమీ అనుకోను' అన్న మాట అక్కకి ముల్లులా గుచ్చుకుంది. సంతకం పెట్టేసింది.

ఇంక ఆట. ముందు బురద గుంట మీద గిరగిరా తిరిగే దుంగ, తర్వాత తాళ్ళ వల, తర్వాత చేతులతో వేలాడుతూ పోవాల్సిన రింగులు, ఆ పైన మోకాలి లోతు బురదలో నడక. అన్నీ అయ్యాక ఎదురుగా నున్నటి గోడ, దాని కొసన గంట. పరిగెత్తుకుంటూ వచ్చి గోడ మీద రెండడుగులు వేసి కొస అందుకుని, పైకి పాకి గంట కొట్టాలి. చెప్పడానికి ఏముంది, ఇట్టే చెప్పేశాను.

పసుపు చొక్కాల దేశం వాళ్ళు ముగ్గురూ దుంగ మీదే బోర్లా పడ్డారు. పడ్డవాళ్ళు పడ్డట్టే బురద పూసుకుని నవ్వుకుంటుంటే, జనమంతా వాళ్ళకే చప్పట్లు కొట్టారు. ఆకుపచ్చ దేశం వాళ్ళు కొబ్బరిచెట్టంత పొడుగు, ఆ పొడుగుతో వలలో చిక్కుకుపోతే మనుషులెళ్ళి విడదీయాల్సొచ్చింది. నీలం చొక్కాల వాళ్ళే ఏటా గెలిచేది. ఆ కండలకి గుమ్మాలు చాలవు. మన జట్టు సంగతి అందరికీ తెలిసిందే, ఏ ఏడూ మొదటి రోజు దాటలేదు. అలాంటిది ఈసారి పిల్లతో ఉన్న ఇద్దరిలో ఈత మేష్టారు చేపలా, మేడలకి రంగులేసే మేస్త్రీ ఉడతలా దాటుకుంటూ పోయి, జట్టుని చివరి పోటీ దాకా లాక్కొచ్చారు. చివరి పోటీ నీలం వాళ్ళతో, పక్కపక్కనే. చివరి మనిషి మన పిల్ల.

దుంగ మీద కాలు జారి, పిల్ల బురదలో పడింది. పడి లేచి, వల దాటి, రింగులు దాటి, బురదలో ఈడ్చుకుంటూ వచ్చేసరికి నీలం చొక్కా వస్తాదు అప్పటికే గోడ దగ్గరున్నాడు. ఎగురుతున్నాడు, జారుతున్నాడు. మళ్ళీ ఎగురుతున్నాడు, సర్రున మళ్ళీ కిందికి. పిల్ల కూడా అలాగే గోడ మీదికి ఉరకబోతోంది. ఆ బూట్లు చూసింది అక్క. అడుగున చారెడు బురద.

తను ఎక్కడుందో, ఎవరి మధ్య ఉందో మర్చిపోయింది. లేచి నిలబడి, ఇన్నేళ్ళుగా పార్లర్ గుమ్మం వైపు వేసిన కేకే వేసింది.

"ఏయ్! కాళ్ళు తుడుచుకోవే!"

అన్ని వేల మంది గోలలోనూ ఆ కేక ఖంగుమంది. పుట్టిన దగ్గర్నుంచీ విన్న కేక కదా, పిల్ల కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. గోడ ముందు పరిచిన దళసరి పట్టా మీద, ఇంటి గుమ్మంలో రుద్దినట్టే, ఈ కాలూ ఆ కాలూ బరబరా రుద్దింది. జనం "పరిగెత్తు, పరిగెత్తు" అని కేకలు. పిల్ల ఆ పట్టా మీదే నాలుగడుగులు వెనక్కెళ్ళి, ఒక్క ఊపున వచ్చి, కొస అందుకుంది. గంట మోగింది.

మనం గెలిచాం! అక్క పక్క కుర్చీలో ఉన్న ముక్కూ మొహం తెలీని ఆవిణ్ణి కావలించుకుని ఏడ్చేసింది.

బయటికొచ్చాక కూతురు ఒళ్ళంతా బురదతోనే వచ్చి, "వినపడిందమ్మా" అని పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, టక్కున ఆగి తల్లి మొహంలోకి చూసింది. "ఈ మాట కడుపులో దాచుకోగలవా?"

అసలు బాధ అక్కడే మొదలైంది. ఓడిపోయి వస్తే నోరు మూసుకోవడం తేలిక. గెలిచి, అదీ తన కేకతో గెలిచి, ఎవరితోనూ అనకూడదంటే ఎలా? అక్కకి అన్నం సయించలేదు. మాట గొంతు దాకా వచ్చి, నాలుక మీద కూర్చుని, తలుపు తియ్యమని తంతోంది. వచ్చిన మొదటి రోజే ఇస్త్రీ ఆయన "ఏమైందక్కా?" అనగానే, "అబ్బో, మా అమ్మాయి..." అనేసింది. చటుక్కున చేతికందిన పిన్నులన్నీ నోట్లో కుక్కుకుంది. ఈసారి వాటి సందుల్లోంచి మాట రాకుండా పెదాలు బిగించింది.

అదే మంత్రమైపోయింది. కొప్పు వేసినా పిన్నులే, గోళ్ళు కత్తిరించినా పిన్నులే. ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నా నోటినిండా పిన్నులే. మొగుడు కాలు దిండు మీద పెట్టుకుని, "నాక్కూడానా?" అంటాడు. ఈవిడ తల అడ్డంగా ఊపుతుంది. "ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో ఇంత ప్రశాంతత ఎరగను. జ్వరమేమో చూడండ్రా" అంటాడాయన. తల్లీ కూతుళ్ళు వంటింట్లోకి పారిపోయి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఇద్దరికీ కలిపి ఒక మాటంటూ ఉండడం అదే మొదలు. అక్కకి ఆ నవ్వు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను.

వీధి ఊరుకుంటుందా? రేడియో మూగబోయిందంటే జట్టు చిత్తుగా ఓడిపోయిందనే లెక్క తేల్చేశారు. ఆ లెక్క తేల్చింది అక్క ఆడపడుచు, పక్కనే బట్టల కొట్టావిడ. మనిషి మంచిదే గానీ, దెప్పకపోతే పూట గడవదు. ఒకరోజు పార్లర్ నిండా జనం ఉండగా కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది.

"ఏమే మరదలా, నోరు పెగలడం లేదేం? నీ కూతురు బురదలో పడింది కదూ?"

అక్క దువ్వుతోంది, అంతే.

"పడే ఉంటుంది. ఆడపిల్లకి ఆ నిచ్చెనలెక్కే ఉద్యోగమేమిటని నేనప్పుడే అన్నాను. ఇప్పుడు చూడు, దేశం పరువు కూడా బురదలో కలిపొచ్చింది. పాపం, మిగతా ఇద్దరికీ దీనివల్లే పోయుంటుంది."

అక్క దువ్వెన పక్కన పెట్టింది. ఒక్క మాట చాలు. 'గెలిచింది వదినా' అంటే ఆ నోరు జన్మలో మళ్ళీ లేవదు. నాలుక పిన్నుల్ని నెట్టేస్తోంది. సరిగ్గా అప్పుడే అద్దంలో కనపడింది, వెనకాల గుమ్మంలో పట్టా మీద నిలబడి, యూనిఫాంలో ఉన్న కూతురు. అన్నీ విన్నట్టే ఉంది. కాళ్ళు తుడుచుకోవడం మధ్యలో ఆపేసి, తల్లి వైపే చూస్తోంది.

అక్క నోట్లోంచి పిన్నులు ఒకటొకటే తీసింది. పార్లరంతా ఊపిరి బిగబట్టింది. ఆ పిన్నులన్నీ వదినగారి కొప్పులో కాస్త గట్టిగానే గుచ్చింది.

"అబ్బా!" అంది వదినగారు.

"కొప్పు బావుంది వదినా," అంది అక్క. డబ్బాలోంచి ఇంకో గుప్పెడు పిన్నులు తీసి నోట్లో పెట్టుకుంది. కూతురు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నావిడ జుట్టు మీద అక్క రెండు కన్నీటి చుక్కలు రాల్చింది. ఆవిడ అది రంగనుకుంది.

టీవీలో వేసే సాయంత్రం వీధంతా పార్లర్‌కే వచ్చింది. చూడ్డానికి కాదు, ఓదార్చడానికి. వదినగారైతే ముందే మొహం దిగాలుగా పెట్టుకుని అక్క పక్కన కూర్చుంది. పిల్ల దుంగ మీంచి పడగానే, "పోన్లేవే, ఊరుకో" అని భుజం కూడా తట్టింది. తర్వాత గోడ వచ్చింది. వస్తాదు జారాడు. పిల్ల ఉరకబోయింది. అప్పుడు టీవీలోంచి ఖంగుమని,

"ఏయ్! కాళ్ళు తుడుచుకోవే!"

ఎదురు కూరగాయల కొట్టాయన ఉలిక్కిపడి కాళ్ళు చూసుకున్నాడు. పార్లర్లో అన్ని తలలూ ఒక్కసారే అక్క వైపు తిరిగాయి. అంతలో గంట మోగింది. ఇంక చూడండి ఆ గోల! మొగుడు చేతికర్ర మీద లేచి నిలబడి, "మా ఆవిడే! ఆ గొంతు మా ఆవిడదే!" అని అరిచాడు. వదినగారు నోరెళ్ళబెట్టి, "తెలిసీ నా చేత అన్ని మాటలు పడ్డావుటే?" అని మరదల్ని కావలించుకుని భోరుమంది.

కూతురు జనాన్ని తప్పించుకుని వచ్చి, తల్లి పెదాల మధ్యనుంచి పిన్నులు ఒక్కొక్కటే లాగింది. "చాలమ్మా. ఇంక చెప్పుకో. అందరికీ చెప్పుకో."

చెప్పుకుంది, చెప్పుకోకేం! ఆ ఆట గురించి ఇప్పటికీ చెబుతూనే ఉంది. రోజుకింత కొత్తగా ఉంటుంది ఆ కథ. మొన్న చెప్పినప్పుడైతే వస్తాదు కూడా తన కేకకే జారాడట.

కానీ ఆ రాత్రి అందరూ వెళ్ళాక, గచ్చు తుడుస్తున్న తల్లి దగ్గరికి కూతురు వచ్చి పక్కన చతికిలబడింది. నేల గీకుతూ, మెల్లిగా అంది.

"అమ్మా, నీకొక్కదానికే చెప్తున్నా. నాన్నకి కూడా ఇంకా చెప్పలేదు."

అక్క చేతిలో గుడ్డ జారిపోయింది. నాన్నకి కూడా చెప్పలేదన్న మాట విని, ముందు ఆవిడకి ఏడుపొచ్చింది. తర్వాత కూతురు నోరు తల్లి చెవి దగ్గర పెట్టి చెప్పింది.

ఏం చెప్పిందంటారా? ఇంతసేపూ అక్క మనసులో మాటలన్నీ మీకు విప్పి చెప్పానా, ఆ ఒక్కటి మాత్రం నాకు తెలీదు. ఉండబట్టలేక పార్లర్‌కి వెళ్ళి, "అక్కా, ఆ రోజు అమ్మాయి ఏమంది?" అని అడిగేశాను కూడా. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, డబ్బాలోంచి పిన్నులు తీసి నోట్లో పెట్టుకుంది. ఆ సందుల్లోంచే అంది:

"ముందు కాళ్ళు తుడుచుకో."